రైలు స్టేషనులో వారంటు, పనామాలో సైన్యం
సరిహద్దులూ శిక్షలూ – 9

పోయిన భాగంలో వాడి జంక్షన్ దగ్గర ఆగాం. 1874లో అక్కడి నుంచి బయలుదేరిన నిజాం రైలు తాండూరు, వికారాబాదు మీదుగా హైదరాబాదు చేరింది. మన బండలకూ కందులకూ బొంబాయి దాకా దారి పడింది. ఆ పట్టాల వెంట నిజాం రాజ్యంలోకి ఇంకొకరి చట్టం కూడా వచ్చింది. 1880ల చివరికల్లా రైల్వే భూముల మీద ఫౌజుదారీ అధికారం బ్రిటిష్ ప్రభుత్వం చేతికి పోయింది. నేల నిజాంది, దాని మీద పోలీసు మాత్రం బ్రిటిష్ వాళ్లది. తాండూరు బజారులో నిలబడ్డంతసేపు మనిషి నిజాం పోలీసు అమీన్ సాబు అధికారం కింద ఉంటాడు. అదే మనిషి బండెక్కుదామని స్టేషను ఆవరణలో అడుగు పెడితే మరో ప్రభుత్వం కిందికి వెళ్లిపోతాడు. మధ్యలో ఉన్నది ఒక్క గేటు.

ఈ ఏర్పాటు మీద ఒక కేసు నడిచింది. న్యాయశాస్త్రం చదివినవాళ్లకు తప్ప ఎక్కువమందికి తెలియని కేసు అది. ముహమ్మద్ యూసుఫుద్దీన్ అనే నిజాం ప్రజ మీద సిమ్లా మేజిస్ట్రేటు వారంటు పుట్టించాడు. నేరం జరిగిందని చెప్పింది సిమ్లాలో. దానికీ రైలుకూ ఏ సంబంధమూ లేదు. అయినా నిజాం రాజ్యంలోని ఒక రైలు స్టేషనులో, రైల్వే హద్దు లోపల, బ్రిటిష్ పోలీసులు అతన్ని పట్టుకున్నారు. నిజాం ప్రభుత్వాన్ని అడిగి మనిషిని అప్పగించమని కోరే పద్ధతి ఒకటి ఉండగా, దాన్ని పక్కనబెట్టి ప్లాట్‌ఫారం మీద పని కానిచ్చారు.

వివాదం లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా పోయింది. 1897లో తీర్పు వచ్చింది. లార్డ్ చాన్సలర్ హాల్స్‌బరీ చెప్పింది క్లుప్తంగా ఇది: రైల్వే భూమి నిజాం రాజ్యంలో భాగమే. అక్కడ బ్రిటిష్ వాళ్లకు ఏ అధికారమున్నా అది నిజాం ఇచ్చినదే, ఆయన ఇచ్చినంత వరకే. రైలు నడపడానికీ, రైలు మీద జరిగే నేరాలను అదుపు చేయడానికీ ఆయన ఇచ్చాడు. సిమ్లా నేరానికి తన ప్రజను పట్టుకుపోవడానికి ఇవ్వలేదు. కాబట్టి అరెస్టు చెల్లదు.

అప్పటి హైదరాబాదు దివాన్ ఎవరో వికారాబాదు వాళ్లకు చెప్పాల్సిన పని లేదు. పైగా అమీరు, ఫలక్‌నుమా కట్టించిన సర్ వికారుల్ ఉమ్రా. ఊరి పేరు ఆయనదే. ఆయన దివాన్‌గా ఉన్న రోజుల్లోనే, సామ్రాజ్యపు సొంత పై కోర్టు సామ్రాజ్యపు పోలీసు చెయ్యి పట్టుకుని ఆపింది. మనిషి నేరం చేశాడా లేదా అన్న ప్రశ్న కన్నా ముందు, అతన్ని ఏ హక్కుతో పట్టుకున్నారు అన్న ప్రశ్న వేసింది. నాకు ఆ తీర్పు మీద చాలా గౌరవం ఉంది. బలహీనమైన రాజ్యానికి చట్టం అండగా నిలబడ్డ సందర్భాలు ఆ కాలంలో అరుదు.

ఈ వారం కథ ఆ ప్రశ్న చుట్టూ తిరిగేదే. స్థలం పనామా, కాలం 1989. పట్టుబడ్డది సిమ్లా వారంటు మీద దొరికిన మామూలు మనిషి కాదు, ఒక దేశాన్ని ఆరేళ్లకు పైగా గుప్పిట్లో పెట్టుకున్న జనరల్. శిక్ష వేసింది మాత్రం ఆయన దేశపు కోర్టు కాదు, మయామీలోని అమెరికా ఫెడరల్ కోర్టు. మాదకద్రవ్యాల రవాణా కేసులో పరాయి దేశపు న్యాయస్థానం దోషిగా తేల్చిన దేశనాయకుల కథల్లో మొదట చెప్పాల్సిన పేరు మాన్యుయెల్ నోరియెగా.

పనామా నగరంలో పేదింట పుట్టాడు. పెంచింది వేరేవాళ్లు. పెరూలోని చొరియోస్ సైనిక పాఠశాలలో చదివి, తిరిగొచ్చి నేషనల్ గార్డులో చేరాడు. అప్పట్లో పనామా మధ్య నుంచి పోయే కాలువ, దాని రెండు గట్ల నేల అమెరికా అధీనంలో ఉండేవి. నిజాం రాజ్యంలో రైల్వే భూమి ఎలాగో అక్కడ కాలువ ప్రాంతం అలాగ. 1968లో సైన్యం అధికారం గుంజుకుంది. ఒమర్ తొర్రిహోస్ నాయకుడయ్యాడు. 1969 డిసెంబరులో ఆయన మెక్సికోలో ఉండగా తోటి అధికారులు తిరగబడ్డారు. చిరికీ రాష్ట్రంలో అధికారిగా ఉన్న నోరియెగా రాత్రిపూట దావీద్ విమానాశ్రయంలో వెలుగు ఏర్పాటు చేయించి, తొర్రిహోస్ చిన్న విమానాన్ని దింపించాడు. ఆ ఒక్క రాత్రి ఆయన జాతకం మార్చేసింది. 1970లో జీ-2 అనే గూఢచారి విభాగం చేతికొచ్చింది. ఎవరి ఇంట్లో ఏం జరుగుతోందో, ఎవరి బలహీనత ఏమిటో తెలిసిన కుర్చీ అది.

సీఐఏతో సంబంధం కూడా అంత పాతదే. 1976లో సీఐఏ డైరెక్టర్‌గా ఉన్న జార్జి బుష్‌తో ఆయన సమావేశమయ్యాడు. పదమూడేళ్ల తర్వాత ఆయన మీదికి సైన్యాన్ని పంపిన అధ్యక్షుడు ఆ బుష్షే. సీఐఏ, అమెరికా సైన్యం కలిసి ఏళ్ల తరబడి ఆయనకు సుమారు 3,20,000 డాలర్లు ఇచ్చాయని తర్వాత కోర్టులో అమెరికా ప్రభుత్వమే ఒప్పుకుంది. అసలు మొత్తం కోటి డాలర్లని నోరియెగా వకీళ్లు వాదించారు.

1981లో తొర్రిహోస్ విమాన ప్రమాదంలో పోయాడు. రెండేళ్లలో, 1983 ఆగస్టుకల్లా, నోరియెగా సైన్యాధిపతి అయ్యాడు. ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి: ఆయన ఏనాడూ పనామా అధ్యక్షుడు కాడు. అధ్యక్షులు వస్తూ పోతూ ఉండేవాళ్లు, ఎవరు రావాలో ఎవరు పోవాలో ఆయన చెప్పేవాడు. ఈ సంగతి తర్వాత కోర్టులో ఆయన మెడకు చుట్టుకుంది.

కొలంబియాలోని మెడెలిన్ ముఠా అప్పటికే కొకెయిన్ వ్యాపారాన్ని విమానాల్లోకి ఎక్కించింది. 1984 ఏప్రిల్ 30న కొలంబియా న్యాయశాఖ మంత్రి రోద్రిగో లారా బొనియాను చంపించాక స్వదేశంలో వేట మొదలైంది. ముఠా పెద్దలు తలదాచుకోవడానికి వచ్చింది పనామాకే. సరుకు దిగడానికి రన్‌వేలు, డబ్బు కడగడానికి బ్యాంకులు, పైన జనరల్ గారి అభయం. అమెరికా ఆరోపణ పత్రం లెక్కలో ఆ అభయం ధర 46 లక్షల డాలర్లు.

దీన్ని బయటపెట్టిన మనిషి డాక్టర్ హ్యూగో స్పడఫోరా. వైద్యుడు, ఒకప్పుడు తొర్రిహోస్ ప్రభుత్వంలో ఆరోగ్యశాఖ ఉపమంత్రి. నోరియెగా మాదకద్రవ్యాల వ్యాపారంలో ఉన్నాడని బహిరంగంగా చెప్పడం మొదలుపెట్టాడు. 1985 సెప్టెంబరులో కోస్టారికా నుంచి పనామాలోకి మామూలు ప్రయాణికుడిలా బస్సులో వస్తుంటే సరిహద్దు దగ్గర సైనికులు దింపేశారు. మరునాడు కోస్టారికా వైపున, అమెరికా తపాలా శాఖ సంచిలో కుక్కిన మొండెం దొరికింది. ఒళ్లంతా చిత్రహింసల గుర్తులు. తల ఈనాటికీ దొరకలేదు. విచారణ జరిపిస్తానన్న అధ్యక్షుడు నికొలాస్ బార్లెట్టా అదే నెలలో పదవి పోగొట్టుకున్నాడు. నోరియెగా గురించి ఎవరైనా జాలిగా మాట్లాడినప్పుడు నాకు ఆ తపాలా సంచి కళ్ల ముందుకొస్తుంది. ఆయన్ని పట్టుకున్న తీరును ఈ వ్యాసంలో విమర్శించబోతున్నాను, కనుక ఈ మాట ముందే చెప్పడం న్యాయం.

అమెరికాకు ఇదంతా తెలియదా అంటే, 1986 జూన్‌లోనే సేమూర్ హెర్ష్ న్యూయార్క్ టైమ్స్‌లో రాశాడు. ఆ రోజుల్లోనే అమెరికా మాదకద్రవ్యాల నిరోధక సంస్థ డీఈఏ అధిపతి నోరియెగా సహకారాన్ని మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశాడు. నికరాగ్వాలో అమెరికా నడిపిన పోరులో పనికొచ్చినంత కాలం కళ్లు మూసుకున్నారు. పనికిరాకుండా పోయాక తెరిచారు. 1988 ఫిబ్రవరిలో మయామీ, టాంపా నగరాల గ్రాండ్ జ్యూరీలు ఆయన మీద నేరాభియోగాలు మోపాయి.

అక్కడినుంచి రెండేళ్లు లాగులాట. ఆంక్షలతో పనామా బ్యాంకులు మూతపడ్డాయి. 1989 మేలో ఎన్నికలు జరిగి గియెర్మో ఎండారా గెలిచాడు. నోరియెగా ఆ ఎన్నికనే రద్దు చేయించాడు. ఊరేగింపులో ఎండారా జట్టు మీద గూండాలు ఇనుప కడ్డీలతో పడ్డారు, రక్తంతో తడిసిన చొక్కా ఫొటో ప్రపంచమంతా చూసింది. అక్టోబరులో మేజర్ మొయిసెస్ హిరోల్దీ చేసిన తిరుగుబాటు విఫలమైంది, అతన్ని చంపేశారు. డిసెంబరు 15న పనామా అసెంబ్లీ నోరియెగాను ప్రభుత్వాధిపతిగా ప్రకటించింది. మరునాడు పనామా సైన్యపు చెక్‌పోస్టు దగ్గర కాల్పుల్లో ఒక అమెరికా మెరైన్ అధికారి చనిపోయాడు.

1989 డిసెంబరు 20 తెల్లవారుజామున అమెరికా సైన్యం దాడి మొదలుపెట్టింది. సుమారు 27,000 మంది సైనికులు. ఎండారా చేత అధ్యక్ష ప్రమాణం చేయించింది అమెరికా సైనిక స్థావరంలో. బుష్ చెప్పిన నాలుగు కారణాల్లో మాదకద్రవ్యాల మీద పోరాటం ఒకటి. అంటే ఒక వారంటు అమలు చేయడానికి ఒక సైన్యం కదిలిందన్నమాట. అమెరికా వైపు చనిపోయింది 23 మంది సైనికులు. పనామా వైపు వందల్లో పోయారు, అందులో చాలామంది సాధారణ జనం. సైనిక ప్రధాన కార్యాలయం చుట్టూ ఉన్న ఎల్ చొరియో పేటలో ఇళ్లు చాలావరకు కొయ్యవి. కాలువ తవ్విన కూలీల కోసం కట్టిన పాత చెక్క మేడలవి. నిప్పంటుకుంది. తెల్లారేసరికి పేట పేటే బూడిదయింది. వేలమంది రోడ్డున పడ్డారు. పది రోజులు తిరక్కుండా ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఈ దాడిని ఖండించింది. అనుకూలంగా 75 ఓట్లు, వ్యతిరేకంగా 20.

నోరియెగా నాలుగు రోజులు తప్పించుకు తిరిగి, డిసెంబరు 24న పోపు రాయబార కార్యాలయంలో దూరాడు. రాయబారి హోసె సెబాస్తియన్ లబోవా. చుట్టూ సైన్యం నిలబడి పెద్ద లౌడ్‌స్పీకర్లతో పగలూ రాత్రీ రాక్ సంగీతం మోగించింది. వాటికన్ అభ్యంతరం చెప్పాక ఆపారు. ఈలోగా ఆయన ఇంట్లో యాభై కిలోల కొకెయిన్ దొరికిందని అమెరికా సైన్యం ప్రపంచానికి చెప్పింది. పరీక్షిస్తే అది తమాలీలు వండే పిండి. 1990 జనవరి 3 రాత్రి ఆయన యూనిఫాం వేసుకుని బయటికొచ్చి లొంగిపోయాడు. డీఈఏ అధికారులు హవర్డ్ వైమానిక స్థావరంలో చేతికి బేడీలు వేసి, విమానంలో మయామీకి తరలించారు.

ఇక కోర్టు. జడ్జి విలియం హోవెలర్. జాగ్రత్తపరుడని, మర్యాదస్తుడని పేరున్న మనిషి. విచారణకు ముందే నోరియెగా వకీలు ఫ్రాంక్ రూబినో మూడు అడ్డంకులు చెప్పాడు. ఒకటి, అమెరికా నేల మీద జరగని పనులకు అమెరికా కోర్టు ఎలా విచారిస్తుంది? రెండు, దేశాధినేతకు పరాయి కోర్టుల నుంచి రక్షణ ఉంది కదా? మూడు, ఇంకో దేశం మీద దండెత్తి ఎత్తుకొచ్చిన మనిషిని విచారించడం తగునా?

1990 జూన్ 8న హోవెలర్ మూడింటినీ కొట్టేశాడు. పనులు ఎక్కడ చేసినా ఫలితం అమెరికాలో పడింది గనుక విచారించవచ్చు. ఈ వాదం మనకు కొత్తది కాదు. కరాచీలో కూర్చుని టెలిగ్రాములతో, ఫోన్లతో బొంబాయిలో గోవా వ్యాపారిని మోసం చేసిన ముబారక్ అలీ అహ్మద్ శిక్షను 1957లో మన సుప్రీంకోర్టు ఖాయం చేసింది. అతడు నేరం నాటికి భారతదేశంలో అడుగే పెట్టలేదు. మోసం ఇక్కడ జరిగింది, చాలు అన్నది కోర్టు. రెండో అభ్యంతరానికి జవాబు ఇంకా సులువు. నోరియెగాను దేశాధినేతగా అమెరికా ఎన్నడూ గుర్తించలేదు. పనామా రాజ్యాంగం ప్రకారం కూడా ఆయన అధ్యక్షుడు కాడు. ఇన్నేళ్లూ తెర వెనక నిలబడి బొమ్మలాడించిన మనిషికి, తెర ముందున్నవాడికి దక్కే రక్షణ దక్కలేదు. ఈ రెండు విషయాల్లో హోవెలర్ సరిగ్గానే చెప్పాడని నా అభిప్రాయం.

మూడో దగ్గరే పేచీ. అమెరికా చట్టంలో 1886 నాటి కెర్ కేసు ఒకటుంది. ఫ్రెడరిక్ కెర్ అనేవాడిని పెరూలోని లీమా నుంచి బలవంతంగా ఎత్తుకొచ్చి ఇల్లినాయ్‌లో విచారించారు. మనిషి ఎలా వచ్చాడన్నది మాకు అనవసరం, ఎదురుగా ఉన్నాడు కాబట్టి విచారిస్తాం అన్నది అక్కడి సుప్రీంకోర్టు. 1952లో ఫ్రిస్బీ కేసులో అదే మాట మళ్లీ చెప్పింది. నోరియెగా మీద జ్యూరీ తీర్పు వచ్చిన రెండు నెలలకు, 1992 జూన్‌లో, మెక్సికో నుంచి ఎత్తుకొచ్చిన ఒక డాక్టరు కేసులో ఇంకోసారి 6–3 ఆధిక్యంతో చెప్పింది. హోవెలర్ ఆ దారినే పోయాడు.

మన దగ్గరా ఆ దారి తెలియనిది కాదు. 1910 జులైలో మార్సెయ్ రేవులో ఓడ నుంచి దూకి ఫ్రెంచి నేల మీదికి చేరిన సావర్కర్‌ను మళ్లీ ఓడలోకి లాక్కొచ్చారు. బొంబాయి హైకోర్టు, పట్టుకున్న తీరు ఏదైనా విచారణకు అడ్డం రాదంది. మరుసటి సంవత్సరం హేగ్ మధ్యవర్తులు కూడా ఆయన్ని తిరిగి అప్పగించాల్సిన పని లేదన్నారు. ఒకే సామ్రాజ్యంలో పదమూడేళ్ల తేడాతో రెండు చట్టాలు. యూసుఫుద్దీన్ విషయంలో పట్టుకున్న చోటుకు విలువ ఉంది, సావర్కర్ విషయంలో లేదు. 1990లో మయామీ కోర్టు ఎంచుకున్నది రెండోదాన్ని.

విచారణ 1991 సెప్టెంబరులో మొదలై ఏడు నెలలు సాగింది. నోరియెగా రోజూ నాలుగు నక్షత్రాల యూనిఫాంలో వచ్చి కూర్చునేవాడు. మధ్యలో జడ్జికి గుండె ఆపరేషన్ జరిగి కొన్ని వారాలు ఆగింది. సాక్షుల్లో చాలామంది శిక్షలు తగ్గించుకోవడానికి ఒప్పందం కుదుర్చుకున్న స్మగ్లర్లే. పనామాకు కొకెయిన్ మోసిన పైలట్ ఫ్లాయిడ్ కార్ల్‌టన్, యావజ్జీవంతో పాటు మరో 135 ఏళ్ల శిక్ష పడ్డ మెడెలిన్ ముఠా నాయకుడు కార్లోస్ లెదర్ అందులో ఉన్నారు. ఒక ముఖ్య సాక్షికి మెడెలిన్ శత్రువులైన కాలీ ముఠా 12.5 లక్షల డాలర్లు ఇచ్చిందని తర్వాత బయటపడింది. కొత్త విచారణ కావాలని నోరియెగా అడిగాడు. పై కోర్టు 1997లో కాదంది.

1992 ఏప్రిల్ 9న జ్యూరీ పది అభియోగాల్లో ఎనిమిదింట దోషి అని తేల్చింది, రెండింట విడిచిపెట్టింది. జులై 10న 40 ఏళ్ల జైలు. తర్వాత అది 30కి తగ్గింది. 1992 డిసెంబరులో హోవెలర్ ఇంకో ఉత్తర్వు ఇచ్చాడు: నోరియెగా జెనీవా ఒప్పందం కింద యుద్ధఖైదీ. కాబట్టి జైల్లో యూనిఫాం వేసుకోవచ్చు, ఆ హక్కులన్నీ వర్తిస్తాయి. ఒకే మనిషి ఒకే గదిలో మాదకద్రవ్యాల నేరస్థుడు, యుద్ధఖైదీ కూడా. పట్టుకున్నది పోలీసా, సైన్యమా అన్న చిక్కును కోర్టు తప్పించుకోలేకపోయిందనడానికి ఇంతకు మించిన రుజువు అక్కర్లేదు.

ఈ చట్టపు వాదాల్లో పడి అసలు సరుకును మరిచిపోకూడదు. మత్తు వ్యాపారం ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి వికారాబాదు జిల్లా మనిషి పనామా దాకా పోనక్కర్లేదు. కల్లులో కలిపే అల్ప్రాజోలం, డైజోపాం, సీహెచ్ (క్లోరల్ హైడ్రేట్) సంగతి ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. ఒక పూట ఆ కల్లు అందకపోతే చేతులు వణకడం, ఫిట్స్, పొంతన లేని మాటలు, చివరికి ఎర్రగడ్డ ఆసుపత్రి. 2021 జనవరిలో నవాబుపేట, వికారాబాదు మండలాల పల్లెల్లో కల్లు తాగినవాళ్లు వందమందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. అల్ప్రాజోలం వంద గ్రాములకు మించి దొరికితే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద అది వ్యాపార పరిమాణం, పదేళ్లకు తక్కువ కాకుండా శిక్ష. దొరికేది మాత్రం ఎప్పుడూ డిపోలో గిన్నె కడిగేవాడు, బండి నడిపేవాడు. పొడి తయారుచేయించినవాడి దాకా, అభయమిచ్చినవాడి దాకా కేసు పోవడం ఎంత అరుదో పేపరు చదివేవాళ్లందరికీ తెలుసు. అందుకే అభయమిచ్చిన పెద్దమనిషి బోనెక్కడం చిన్న విషయం కాదు. మయామీ తీర్పులో నేను నిండు మనసుతో ఒప్పుకునే భాగం అదే.

మరి వేరే దారి లేదా? పనామా రాజ్యాంగం తన పౌరులను పరదేశానికి అప్పగించడాన్ని నిషేధిస్తుంది. నోరియెగా కుర్చీలో ఉన్నంతకాలం అక్కడి కోర్టులు ఆయన్ని తాకలేవు. ఇది నిజమే. కానీ 1989 డిసెంబరు 20 తర్వాత ఆయన కుర్చీలో లేడు. ఎన్నికైన ఎండారా ప్రభుత్వం ఉంది, కోర్టులు ఉన్నాయి. ఆ కోర్టులే 1993లో స్పడఫోరా హత్యకు, 1994లో హిరోల్దీ హత్యకు ఆయన లేకుండానే విచారించి ఇరవయ్యేసి ఏళ్ల శిక్షలు వేశాయి. మనిషి మాత్రం మయామీ జైల్లో ఉన్నాడు. అమెరికా వీధుల్లోకి పోయిన కొకెయిన్ ముందు లెక్కకొచ్చింది, పనామా మనిషి తల తర్వాత లెక్కకొచ్చింది. ఈ వరుస తప్పని నేను అంటాను.

సరైన పద్ధతిలో జరిగిన కేసు ఒకటి మన కళ్ల ముందే నడిచింది. హోండురాస్‌ను 2014 నుంచి 2022 దాకా ఏలిన అధ్యక్షుడు హువాన్ ఒర్లాండో హెర్నాండెజ్. పదవి దిగిన మూడు వారాలకే, 2022 ఫిబ్రవరి 15న, సొంత దేశపు పోలీసులే తెగుసిగల్పాలోని ఆయన ఇంటి దగ్గర కాళ్లకూ చేతులకూ సంకెళ్లు వేశారు. సొంత దేశపు సుప్రీంకోర్టు అప్పగింతకు ఒప్పుకుంది. ఏప్రిల్ 21న విమానం ఎక్కించారు. హోండురాస్ పౌరులను పరదేశానికి అప్పగించేందుకు వీలుగా 2012లో రాజ్యాంగం సవరించినప్పుడు అక్కడి కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించింది హెర్నాండెజ్ గారే. 2024 మార్చి 8న మాన్‌హట్టన్ జ్యూరీ కొకెయిన్ రవాణా కుట్రలో, ఆయుధాల నేరాల్లో దోషి అంది. జడ్జి కెవిన్ కాస్టెల్ జూన్ 26న 45 ఏళ్ల జైలు, 80 లక్షల డాలర్ల జరిమానా వేశాడు. ఒక్క ఇల్లు తగలబడలేదు, ఒక్క సైనికుడు సరిహద్దు దాటలేదు. కోర్టుల పని కోర్టులు చేశాయి.

ఆ పని ఏడాదిన్నర కూడా నిలవలేదు. 2025 డిసెంబరు 1న అధ్యక్షుడు ట్రంప్ క్షమాభిక్షతో హెర్నాండెజ్ విడుదలయ్యాడు. రెండు దేశాల చట్టం దగ్గరుండి, ఒక్కొక్క మెట్టూ ఎక్కి వేసిన శిక్ష ఒక్క సంతకంతో పోయింది. దండెత్తి పట్టుకున్న నోరియెగాకు ఆ సంతకం దొరకలేదు. అమెరికాలో పదిహేడేళ్లకు పైగా జైలు, 2010లో ఫ్రాన్స్‌కు అప్పగింత, అక్కడ డబ్బు కడిగిన నేరానికి ఏడేళ్ల శిక్ష, 2011 డిసెంబరు 11న పనామాకు, పాత హత్యల శిక్షలకు. 2015లో జైలు నుంచి టీవీలో క్షమాపణ అడిగాడు. మెదడు ఆపరేషన్ తర్వాత కోలుకోక 2017 మే 29న చనిపోయాడు.

ఎల్ చొరియో జనం సంగతి చెప్పి ఈ భాగం ముగిస్తాను. దాడిలో మనుషులను, ఇళ్లను పోగొట్టుకున్నవాళ్లు 1990 మే నెలలో అమెరికా ఖండాల మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు పెట్టుకున్నారు. తీర్మానం వచ్చింది 2018లో. అమెరికా వాళ్ల హక్కులను ఉల్లంఘించిందని, నష్టపరిహారం ఇవ్వాలని కమిషన్ చెప్పింది. కమిషన్ సిఫార్సులకు తాము కట్టుబడాల్సిన అవసరం లేదన్నది అమెరికా వైఖరి. నోరియెగాకు శిక్ష పడటానికి రెండున్నరేళ్లు పట్టింది. చొరియో వాళ్లకు కాగితం మీద ఒక మాట దక్కడానికి ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది.